నికెల్ బిళ్లకి కప్పు కాఫీ

గాజు గదిలో కూర్చున్న ఆవిడ తలెత్తి చూసేది కాదు. చేతివేళ్లకి రబ్బరు తొడుగులు, ఎదురుగా పాలరాతి పలక, పక్కన చిల్లర కుప్ప. ఎవరైనా డాలరు నోటు లోపలికి తోస్తే ఆమె చెయ్యి కుప్పలోకి వెళ్లి, గుప్పెటతో ఇరవై బిళ్లలు తీసి పలక మీదికి గలగలమని జారవిడిచేది. లెక్కపెట్టడం ఉండేది కాదు. అనుమానం కొద్దీ పక్కకి వెళ్లి లెక్కపెట్టుకున్నవాడికి కూడా సరిగ్గా ఇరవయ్యే తేలేవి. ఆ పని చేసే ఆడవాళ్లకి న్యూయార్క్ జనం పెట్టుకున్న పేరు ‘నికెల్ త్రోయర్స్’, బిళ్లలు విసిరేవాళ్లు.

నికెల్ అంటే ఐదు సెంట్ల నాణెం. మన దగ్గర అణాలూ బేడలూ చెల్లిన రోజుల్లో అక్కడ ఒక మహానగరం ఆ చిన్న బిళ్ల మీద నడిచింది. 1904లో భూగర్భ రైలు మొదలైనప్పటి నుంచి 1948 దాకా ఎంత దూరం వెళ్లినా టికెట్టు ఒక నికెల్. వీధి చివర ఫోను డబ్బాలో ఒక నికెల్ వేస్తే ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడొచ్చు. స్టాటెన్ ద్వీపం వెళ్లే పడవకి ఒక నికెల్. కప్పు కాఫీకి ఒక నికెల్. ఆ కాఫీతో పాటు బిల్లులోకి ఎక్కనిది మరొకటి దొరికేది: కాసేపు కూర్చోవడానికి చోటు. ఇంట్లో మంచానికీ గోడకీ మధ్య నిలబడే జాగా కూడా లేని గుమాస్తాలు, టైపిస్టులు, కుట్టుపనివాళ్లు, పని దొరకని నటులు, పుస్తకం అచ్చుకాని రచయితలు, అందరికీ ఆ బల్లలే ముందుగది.

ఈ కథలో పెద్ద పేరు ఆటోమాట్ అనే ఫలహారశాల. ఆ గాజు గది ఉండేది అక్కడే. జోసెఫ్ హార్న్ ఫిలడెల్ఫియావాడు. అతని భాగస్వామి ఫ్రాంక్ హార్డార్ట్ న్యూ ఆర్లిన్స్‌లో పెరిగి, ఆ ఊరి కాఫీ మర్మం తెలుసుకుని వచ్చినవాడు. ఇద్దరూ కలిసి జర్మనీ నుంచి యంత్రాలు తెప్పించి 1902లో ఫిలడెల్ఫియాలో మొదటి ఆటోమాట్ పెట్టారు. పదేళ్లకి, 1912 జులై 2న, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో తలుపులు తీశారు.

లోపల పాలరాతి నేల, అద్దాలు, గోడ పొడవునా చిన్న చిన్న గాజు తలుపుల అరలు. ఒక్కో అరలో ఒక్కో పళ్లెం. జున్ను కరిగించిన మాకరోనీ, కుండలో ఉడికిన బీన్స్, మీగడ కలిపిన పాలకూర, కోడిమాంసం పై, గుమ్మడికాయ పై. కావలసినన్ని నికెళ్లు సందులో వేసి పింగాణీ పిడి తిప్పితే టక్కుమని తలుపు తెరుచుకునేది. పళ్లెం తీసుకోగానే ఆ వరస మొత్తం గిర్రున వెనక్కి తిరిగి, మళ్లీ నిండి ముందుకొచ్చేది. పిల్లలకి అదొక ఇంద్రజాలం. గోడ వెనక మాత్రం ఇంద్రజాలం ఏమీ లేదు. చెమటలు కక్కుతూ అరలు నింపే మనుషులు ఉండేవాళ్లు, తినేవాళ్లకి వాళ్ల చేతులు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు.

కాఫీకి వేరే ఏర్పాటు. గోడలోంచి డాల్ఫిన్ తల ఆకారంలో ఒక కొళాయి బయటికి వచ్చి ఉండేది. ఇటలీ ఫౌంటెన్లను చూసి చేయించిన నమూనా అది. నికెల్ వేసి మీట తిప్పితే డాల్ఫిన్ నోట్లోంచి సరిగ్గా ఒక కప్పు కాఫీ పడి ఆగిపోయేది. అంతకుముందు అమెరికాలో చాలాచోట్ల కాఫీ అంటే పొద్దున కాచి సాయంత్రం దాకా మరగబెట్టిన కషాయమే. హార్న్ అండ్ హార్డార్ట్‌లో డికాక్షన్ దిగాక ఇరవై నిమిషాలు దాటితే పారబొయ్యాలని నియమం. యజమానులే రోజూ ఒక బల్ల ముందు కూర్చుని ఆనాటి వంటలూ కాఫీ రుచి చూసేవాళ్లు.

ఇంకో నియమం ఎక్కడా రాసిపెట్టి లేదు. కప్పు ఖాళీ అయిందని ఎవరినీ లేవమనేవాళ్లు కాదు. వడ్డించేవాడు లేడు కాబట్టి టిప్పు లేదు. టిప్పు లేదు కాబట్టి మొహం చిట్లించేవాడూ లేడు. బల్ల దగ్గర నాలుగు కుర్చీలుంటే నలుగురూ నాలుగు తోవల మనుషులు కావచ్చు. బొచ్చుకోటు వేసుకున్నావిడ పక్కనే రంగులు వేసే కూలీ కూర్చుని అదే పై తినేవాడు. కుర్చీ మీద సంచి ఉంటే ‘ఇక్కడెవరైనా ఉన్నారా?’ అని ఒక మాట అడిగితే సంచి కిందికి దిగేది. ఎడ్వర్డ్ హాపర్ 1927లో వేసిన ‘ఆటోమాట్’ బొమ్మలో ఒకమ్మాయి ఒంటరిగా, ఒక చేతికి గ్లోవు తియ్యకుండా కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుని ఉంటుంది. ఎంతసేపటి నుంచి కూర్చుందో బొమ్మ చెప్పదు. అక్కడ ఎవరూ అడగరు కూడా.

1930ల మాంద్యంలో ఆ ఓపికకి పరీక్ష ఎదురైంది. నికెల్ కూడా లేనివాళ్లు వచ్చారు. టీకోసం పెట్టిన వేడినీళ్లు కప్పులో పట్టుకుని, బల్ల మీది కెచప్ సీసా అందులో వంచి, ఉప్పూ మిరియాలపొడీ చల్లుకుని టమాటా సూపు తాగేవాళ్లు. ఐస్ టీకోసం కోసి పెట్టిన నిమ్మచెక్కలూ పంచదారా కలుపుకుని నిమ్మరసం చేసుకునేవాళ్లు. సిబ్బంది చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు. ఆ ఊళ్లో పెరిగినవాళ్ల జ్ఞాపకాల్లో ఈ సూపు ఎంత తరచుగా కనిపిస్తుందంటే, అది ఆ గోడ అరల్లో అమ్మిన వంటకమేమో అనిపిస్తుంది.

కాఫీ ఉన్నచోట పక్కన కొరుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలి. న్యూయార్క్‌కి ఆ ఏదో ఒకటి డోనట్. అది ఆ ఊరికి కొత్త కూడా కాదు. న్యూయార్క్ ఇంకా న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్న కాలంలోనే డచ్చివాళ్లు నూనెలో వేయించిన తీపి ఉండలు తినేవాళ్లు. వాషింగ్టన్ ఇర్వింగ్ 1809లో రాసిన న్యూయార్క్ చరిత్రలో వాటిని డోనట్లనే పేరుతోనే ప్రస్తావించాడు. కాని వీధి వీధికీ పాకించింది మాత్రం మొదటి ప్రపంచయుద్ధం. 1917లో ఫ్రాన్సు వెళ్లిన సాల్వేషన్ ఆర్మీ ఆడవాళ్లు కందకాల దగ్గర దొరికిన పిండితో డోనట్లు వేయించి సైనికులకి పెట్టారు. ఇంటికి తిరిగొచ్చిన కుర్రాళ్లకి ఆ రుచి నాలుక వదల్లేదు.

న్యూయార్క్‌లో బేకరీ నడుపుతున్న అడాల్ఫ్ లెవిట్ దాన్ని పట్టుకున్నాడు. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం అతనిది. మూకుడు ముందు నిలబడి ఒక్కొక్కటే వేయిస్తే వచ్చే జనానికి చాలేది కాదు, పొగ కొట్టంతా కమ్మేది. 1920లో ఒక యంత్రం చేయించి కిటికీలో పెట్టాడు. పైనున్న గొట్టంలోంచి పిండి చక్రంలా తెగి కాగే నూనెలో పడేది. తేలుతూ కొంతదూరం వెళ్లి, తనంతట తానే బోర్లాపడి రెండో వైపు వేగి, మెట్లెక్కినట్టు బయటికొచ్చేది. కొనేవాళ్ల కన్నా చూసేవాళ్లు ఎక్కువై ఫుట్‌పాత్ నిండిపోయేది. నాటకాల హాళ్లకి వెళ్లే జనం ఆటకి ముందు ఒక ఆట ఇక్కడ చూసి వెళ్లేవాళ్లు. లెవిట్ ఆ యంత్రాలు అమ్మాడు, వాటికి సరిపడే పిండి కలిపి అమ్మాడు, డోనట్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అని కంపెనీ పెట్టాడు. 1943లో రాబర్ట్ మెక్లాస్కీ రాసిన పిల్లల పుస్తకం ‘హోమర్ ప్రైస్’లో, ఆపడం ఎవరికీ చేతకాక డోనట్లు కురిపిస్తూనే ఉండే యంత్రం కథ ఒకటి ఉంది. అమెరికా పిల్లలందరికీ అప్పటికే అలాంటి యంత్రం ఏ కిటికీలోనో పరిచయం.

1931లో లెవిట్ బ్రాడ్వే మీద మేఫ్లవర్ అనే డోనట్ దుకాణం తెరిచాడు. ఆ దుకాణంలో ఒక ఆశావాది సూక్తి రాసి ఉండేది: బతుకులో డోనట్ మీద దృష్టి పెట్టు, చిల్లు మీద కాదు అని దాని భావం. గారెలు తినమంటే చిల్లులు లెక్కపెట్టాడని వెక్కిరించే మనకి ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆకారమే అటూ ఇటూ కలిసింది. మినప్పిండి కాక గోధుమపిండి, ఉప్పూ మిరియాలు కాక పంచదార, అల్లప్పచ్చడి కాక నల్ల కాఫీ.

కాఫీలో డోనట్ ముంచుకు తినడం మర్యాదా కాదా అన్నది ఆ కాలపు పెద్ద తగవు. 1934లో వచ్చిన ‘ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్’ సినిమాలో క్లార్క్ గేబుల్, ధనవంతుల అమ్మాయిగా వేసిన క్లాడెట్ కోల్బెర్ట్‌కి ముంచడం ఎలాగో పాఠం చెబుతాడు: ఎక్కువసేపు ఉంచితే తెగి కప్పులో పడుతుంది, ముంచి తీసి నోట్లో వేసుకోవాలి. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు పోగొట్టుకున్న హైదరాబాదీలకి ఆ పాఠం లోతు తెలుసు. డోనట్ కంపెనీ ఆ సరదాని వదులుకోలేదు. జాతీయ ముంచుడు సంఘం అని ఒకదాన్ని ప్రచారానికి పుట్టించి సినిమా తారలకి సభ్యత్వాలిచ్చింది.

ఆటోమాట్ కూర్చోబెట్టే చోటైతే, చాక్ ఫుల్ ఓ నట్స్ చటుక్కున తిని లేచే చోటు. విలియం బ్లాక్ బ్రూక్లిన్‌లో పెరిగాడు. కొలంబియాలో ఇంజనీరింగ్ చదివాడు, ఉద్యోగం దొరకలేదు. 1926లో బ్రాడ్వే, 43వ వీధి మూల, ఒక మెట్ల కింది సందులో వేయించిన పప్పులు అమ్మే కొట్టు పెట్టాడు. ‘పప్పులతో కిక్కిరిసిన’ అన్న ఆ పేరు అప్పటిది. నాటకాల నుంచి బయటికొచ్చిన జనం పొట్లాలు కొనుక్కుపోయేవాళ్లు. కొట్లు పెరిగాయి. ఇంతలో మాంద్యం వచ్చింది. జీతం పోయినవాడు జీడిపప్పు కొనడు. బ్లాక్ కొట్లన్నిటినీ ఫలహారశాలలుగా మార్చేసి, మిగిలిపోతున్న పప్పుల్ని తరిగి మెత్తటి క్రీమ్ చీజ్‌లో కలిపి, ఎండుద్రాక్ష వేసిన గోధుమ రొట్టె ముక్కల మధ్య పెట్టి అమ్మాడు. ఆ సాండ్విచ్చి, కప్పు కాఫీ, పంచదార పొడి అద్దిన గోధుమపిండి డోనట్. ఈ మూడూ కొన్ని తరాల న్యూయార్క్ గుమాస్తాల మధ్యాహ్న భోజనం.

దుకాణంలో బల్లలుండేవి కావు. వంపులు తిరిగిన కౌంటరు, దాని చుట్టూ తిరిగే స్టూళ్లు. తినేవాళ్ల వెనక ఖాళీ అయ్యే స్టూలు కోసం మరో వరస నిలబడి ఉండేది. ముందువాడు కాఫీ చివరి గుక్క ఎత్తగానే వెనకవాడు ఒక అడుగు ముందుకేసేవాడు. ఇక్కడా టిప్పు నిషేధం. పదార్థాల్ని చేత్తో తాకకూడదు, అన్నీ పటకార్లతోనే. వంటకాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అందుకే అన్నీ తాజాగా ఉండేవి, వడ్డన క్షణాల్లో అయిపోయేది. 1960ల్లో ఊళ్లోనూ చుట్టుపక్కలా కలిపి ఎనభై దాకా దుకాణాలుండేవి.

కౌంటరు వెనక పనిచేసేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. 1957లో బ్లాక్ ఒక మనిషిని ఉద్యోగుల వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంటుగా తెచ్చాడు. అతను జాకీ రాబిన్సన్. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జాతి గోడను 1947లో కూలగొట్టి, బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున పదేళ్లు ఆడి, అప్పుడే ఆట మానేసినవాడు. పెద్ద అమెరికన్ కంపెనీల్లో ఒక నల్లవాడికి అలాంటి కుర్చీ దొరకడం ఆ రోజుల్లో అరుదు. 1964 దాకా అందులో ఉన్నాడు. 1958 మే నెలలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నల్లజాతి నాయకుల సభలో ఓపిక పట్టమని హితవు చెబితే, మర్నాడే రాబిన్సన్ ఘాటుగా ఉత్తరం రాశాడు. ఓపిక పట్టీ పట్టీ తమవాళ్లు అలిసిపోయారన్నది దాని సారం. ఆ ఉత్తరం ఇప్పుడు అమెరికా ప్రభుత్వ పత్రాల భాండాగారంలో ఉంది. కాగితం పైన చాక్ ఫుల్ ఓ నట్స్ పేరు అచ్చేసి ఉంటుంది.

1953లో బ్లాక్ కాఫీపొడిని డబ్బాల్లో నింపి కిరాణా కొట్లకి పంపడం మొదలుపెట్టాడు. దాని రేడియో పాట ఊరంతా నోటికొచ్చేసింది. పాడిన పేజ్ మోర్టన్ తర్వాత అతని భార్య అయింది. రాక్‌ఫెల్లర్ డబ్బు పోసినా ఇంతకన్నా మంచి కాఫీ దొరకదని అందులో ఒక మాట. రాక్‌ఫెల్లర్ కుటుంబం అభ్యంతరం చెప్పింది. పాటలో రాక్‌ఫెల్లర్ వెళ్లిపోయి ఊరూ పేరూ లేని లక్షాధికారి వచ్చాడు. తన దగ్గర పనిచేసే ఒక మిత్రుడికి పార్కిన్సన్ జబ్బు వస్తే బ్లాక్ 1957లో ఆ జబ్బు పరిశోధనకి ఒక సంస్థనే స్థాపించాడు. కొలంబియా వైద్య కళాశాలకి యాభై లక్షల డాలర్లు ఇచ్చాడు. ఇక పేరు తెచ్చిన తంటా ఒకటి మిగిలింది. ఆ కాఫీలో పప్పులు కలుస్తాయని జనం భయపడకుండా, ఇందులో పప్పులు లేవని తర్వాతి కాలంలో డబ్బా మీదే అచ్చువెయ్యాల్సి వచ్చింది.

ఆటోమాట్‌కీ చాక్ ఫుల్ ఓ నట్స్‌కీ మధ్యరకంగా ఊళ్లో కెఫెటీరియాలు ఉండేవి. గుమ్మంలో ఒక చీటీ ఇచ్చేవాళ్లు. తీసుకున్న వంటకానికల్లా కౌంటరులో ఆ చీటీకి చిల్లు పొడిచేవాళ్లు, వెళ్లేటప్పుడు డబ్బు కట్టాలి. యూరప్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యూదులు పొద్దుటి నుంచి రాత్రి దాకా అక్కడ యిడ్డిష్‌లో రాజకీయాలూ కవిత్వమూ వాదించుకునేవాళ్లు. 1978లో నోబెల్ అందుకున్న ఐజాక్ బషేవిస్ సింగర్ బ్రాడ్వే మీది అలాంటి బల్లల దగ్గరే కథలు ఏరుకున్నాడు. ‘ద కెఫెటీరియా’ పేరుతో ఆయన కథే ఒకటి ఉంది. బట్టల కార్మికుల వాడలో పేరుమోసిన డుబ్రోస్ 1985లో మూతపడింది.

ఇదంతా నికెల్ బిళ్ల మీద నిలబడ్డ మేడ. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ధరలు పెరిగాయి, బిళ్ల మాత్రం అదే బిళ్ల. 1948 జులైలో భూగర్భ రైలు టికెట్టు పది సెంట్లయింది. 1950 నవంబరులో ఆటోమాట్ కాఫీ పది సెంట్లయింది. 1951లో ఫోను పది సెంట్లయింది. మూడేళ్లలో మూడు ఆసరాలూ పోయాయి. కాఫీ విషయంలో యంత్రమే యజమాని చేతులు కట్టేసింది. ఐదు సెంట్లకి అమ్మితే నష్టం, ఏడుకో ఎనిమిదికో అమ్ముదామంటే సందులో నికెల్ తప్ప ఇంకేదీ దూరదు. ఒకటి కాకపోతే రెండే. ముప్పై ఎనిమిదేళ్లు కదలని ధర రాత్రికి రాత్రి రెట్టింపయింది. రోజూ వచ్చేవాళ్లు అలిగారు, అమ్మకాలు పడిపోయాయి. 1953లో బ్రెజిల్ కాఫీ తోటల మీద మంచు కురిసి, మరుసటి ఏడు ప్రపంచమంతా కాఫీ ధర మండిపోయాక పాత రోజులు తిరిగి వస్తాయనే ఆశ కూడా పోయింది.

ధర మారిందని తెలియక మొహం చిన్నబుచ్చుకున్నవాళ్లలో ఒకామె తర్వాత పేరు తెచ్చుకుంది. 1960ల చివర, గాయని పాటీ స్మిత్ ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, ఆకలితో ఆటోమాట్‌కి వెళ్లి సాండ్విచ్చి అర సందులో ఉన్న చిల్లరంతా వేసింది. తలుపు తెరుచుకోలేదు. రేటు పెరిగి పది సెంట్లు తక్కువయ్యాయి. వెనకనుంచి ఒకాయన ఆ పది సెంట్లూ ఇచ్చి కాఫీ కూడా ఇప్పించాడు. చూస్తే కవి అలెన్ గిన్స్‌బర్గ్. ఆమెను అందమైన కుర్రాడనుకున్నాడట. 2010లో వచ్చిన ‘జస్ట్ కిడ్స్’లో ఆమె ఈ సంగతి నవ్వుకుంటూ చెప్పుకుంది.

గిన్స్‌బర్గ్ అసలు ఇలాకా ఊరికి దిగువన, గ్రీనిచ్ విలేజిలోని మక్డూగల్ వీధి. అక్కడి కాఫీ నికెల్ కాఫీ కాదు, ఇటాలియన్ వలసవాళ్లు తెచ్చిన చిక్కటి ఎస్ప్రెసో. కెఫే రెజియో అక్కడ 1927 నుంచి ఉంది. 1950ల చివరికి ఆ వీధీ పక్క వీధులూ కాఫీ గదులతో నిండిపోయాయి. సారా అమ్మే లైసెన్సు అక్కర్లేదు, నేలమాళిగ చాలు. అద్దె తక్కువ, కుర్చీలు పాతసామాన్ల బజారువి. 1958లో మొదలైన గ్యాస్‌లైట్ కెఫే అలాంటి నేలమాళిగే. కవులు చదివేవాళ్లు, విన్నవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. గాలి గొట్టాల్లోంచి ఆ చప్పుడు పై అంతస్తుల ఇళ్లలోకి పోయి నిద్రలు చెడుతుంటే గొడవలయ్యాయి. అప్పటి నుంచి చప్పట్లు మానేసి చిటికెలు వేసేవాళ్లు.

పాడినవాళ్లకి జీతాల్లేవు. పాటయ్యాక ఒక బుట్ట చేతులు మారేది, పడ్డదే దక్కేది. 1961 జనవరి చలిలో మినెసోటా నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు కెఫే వా?లో గిటారు పట్టుకున్నాడు, ఆ తర్వాత గ్యాస్‌లైట్‌లో. అతను బాబ్ డిలన్. నాలుగడుగులు వేస్తే కార్నీలియా వీధిలో కెఫే చీనో. జో చీనో 1958లో పెట్టిన ఆ కాఫీ గదిలో బల్లలు జరిపితే అరుగంత చోటు తేలేది, దాని మీద నాటకాలు. లాన్‌ఫర్డ్ విల్సన్ వంటి రచయితల తొలి నాటకాలు కాఫీ కప్పుల చప్పుడు మధ్య ఆడాయి. ‘ఆఫ్ ఆఫ్ బ్రాడ్వే’ అని తర్వాత పేరుపడిన నాటకరంగం పురిటిగదుల్లో అదొకటి. చీనో 1967లో పోయాడు, మరుసటి సంవత్సరం తలుపులు మూశారు. గ్యాస్‌లైట్ 1971లో ఆగింది. బ్లీకర్ వీధి మూలనున్న లె ఫిగారో ఒకసారి మూతపడి, మళ్లీ తెరుచుకుని, 2008లో మళ్లీ మూతపడింది. కారణం చాలాచోట్ల ఇంచుమించు ఒకటే. ఒక్క కప్పు ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చునే మనిషి కట్టే డబ్బుకీ, ఆ కుర్చీ కింది నేల అద్దెకీ పొంతన కుదరలేదు.

కూర్చోవడమే అక్కర్లేని కాఫీ కూడా ఈలోగా వచ్చింది. 1963లో లెస్లీ బక్ అనే ఆయన, ఒక కప్పుల కంపెనీలో అమ్మకాలు చూసేవాడు, నీలం తెలుపు రంగుల్లో ఒక కాగితపు కప్పు గీశాడు. మీద గ్రీకు జాడీ, అంచుల్లో గ్రీకు ముగ్గు, మీ సేవకి సంతోషమని నాలుగు ముక్కలు. ఊళ్లో కాఫీ షాపులు చాలావరకు గ్రీకువాళ్ల చేతుల్లో ఉండేవి, వాళ్లని మెప్పించడానికి ఆ ఎత్తు. బక్ పుట్టింది చెకొస్లొవాకియాలో, బతికి బయటపడింది ఆష్విట్జ్, బుకెన్‌వాల్డ్ నాజీ శిబిరాల నుంచి. గ్రీకు జాడీని ఆంఫొరా అంటారు. ఆయన యాసలో అది ‘ఆంథొరా’ అయి కప్పుకి అదే పేరు నిలిచింది. 1994 ఒక్క సంవత్సరంలో యాభై కోట్ల కప్పులు అమ్ముడయ్యాయి. ఆ కప్పులో ‘రెగ్యులర్’ అని అడిగితే న్యూయార్క్‌లో పాలూ పంచదారా వేసి ఇస్తారు. అది చేతికొచ్చాక నిలబడాల్సిన పని లేదు. నడుస్తూ తాగడం ఊరికి అలవాటైంది.

ఆటోమాట్ల ముసలితనం చూడటానికి బాగుండేది కాదు. అద్దాలు మసకబారాయి, అరలు సగం ఖాళీ. 1970ల్లో హార్న్ అండ్ హార్డార్ట్ కంపెనీయే తన చోట్లు కొన్నిట్లో బర్గర్ కింగ్ దుకాణాలు తెరిచింది. 1983లో విలియం బ్లాక్ పోయాడు, అదే ఏడు చాక్ ఫుల్ ఓ నట్స్ ఫలహారశాలలు చేతులు మారాయి. డబ్బా కాఫీ మాత్రం బతికింది. చిట్టచివరి ఆటోమాట్ 42వ వీధి, థర్డ్ అవెన్యూ మూలన 1991 ఏప్రిల్ 9 దాకా నడిచింది. మూడేళ్లకి స్టార్‌బక్స్ ఎగువ బ్రాడ్వే మీద ఊళ్లో తన మొదటి దుకాణం తెరిచింది. 2010లో 23వ వీధిలో చాక్ ఫుల్ ఓ నట్స్ పేరుతో మళ్లీ ఒక కెఫే పెట్టి, పాత క్రీమ్ చీజ్ సాండ్విచ్చి తిరిగి తెచ్చారు. అదీ ఎక్కువకాలం నిలవలేదు.

తెలుగువాళ్లు ఈ కథ చివరి అంకానికి అందారు. 1965లో అమెరికా వలస చట్టం మారాక డాక్టర్లూ ఇంజనీర్లూ న్యూయార్క్ చేరేసరికి ఆటోమాట్ అద్దాలు మసకబారుతున్నాయి. మాంసం ముట్టనివాళ్లకి ఆ ఊళ్లో చవగ్గా దొరికే తిండిలో గాజు అరల్లోని మాకరోనీ, పాలకూర ఉండేవి. వంపుల కౌంటరు మీది పప్పుల సాండ్విచ్చి ఉండేది. సొంత వంటిల్లూ సొంత సంఘమూ ఏర్పడేదాకా అవే ఆసరా.

క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో 1977లో కుంభాభిషేకం జరిగిన గణేశుడి గుడి ఉంది. దాని నేలమాళిగలో ఒక క్యాంటీన్. మెట్లు దిగితే సాంబారు వాసన, ట్యూబులైట్ల వెలుతురు, పొడవాటి బల్లలు. కౌంటరులో డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, నంబరు పిలిచినప్పుడు వెళ్లి ట్రే తెచ్చుకోవాలి. దోసెలు, ఇడ్లీలు, చిల్లు ఉన్న గారెలు, పాలు వేసిన కాఫీ. వడ్డించేవాళ్లు లేరు, టిప్పు లేదు. ఆదివారం మధ్యాహ్నం కుర్చీ దొరకడం కష్టం. ట్రే పట్టుకున్న పెద్దాయన ఒకరు బల్లల మధ్య నుంచి నెమ్మదిగా వచ్చి, సంచి పెట్టి ఉన్న కుర్చీ దగ్గర ఆగి, ఇక్కడెవరైనా ఉన్నారా అని అడుగుతారు. గారె కొరుకుతున్న అమ్మాయి నోటినిండా ముద్దతోనే తల అడ్డంగా ఊపి, సంచి తీసి ఒళ్లో పెట్టుకుంటుంది.